చంకలో కాదు, కడుపులో

చిరంజీవి బుజ్జికి,

మన ఇంటి చరిత్ర రాస్తాను, ఎక్కడ మొదలుపెట్టమంటావు చిన్నమ్మమ్మా అని అడిగావు. కాగితాల దగ్గర మాత్రం మొదలుపెట్టకు. అడంగల్‌లో, అంటే ఊరి భూముల లెక్కల్లో, పేరుండాలంటే భూమి ఉండాలి. మనవాళ్ళకి సెంటు కూడా లేదు. అందుకే మా నాన్న కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్ళాడు, బియ్యం మిల్లులో కూలికి. అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారట, మన కోరంగి రేవు పేరు మీద.

1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది మనవాళ్ళు అక్కణ్ణించి బయటపడ్డారు. ఓడ దొరకనివాళ్ళు కొండలు, అడవులు దాటి నడిచారు. అమ్మ మీ అమ్మమ్మని చంకనేసుకుని నడిచొచ్చిందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళం. అక్క స్కూలు సర్టిఫికెట్‌లో 1941 జూలై 1 అని ఉంది మరి! బళ్ళో వేసేటప్పుడు పంతులుగారు ఏది రాస్తే అదే పుట్టినరోజు. మా క్లాసులో చాలామందిది జూలై ఒకటే.

అమ్మ పోయే ముందు ఏడు, ఇద్దరం చింతపండు పిక్కలు తీస్తూ ఉంటే అడిగాను. తేదీ కాదు, అక్క ఏ పండగ దగ్గర పుట్టింది అని. "అట్లతద్ది నాడు. చిత్రభాను" అంది టక్కున. చిత్రభాను అనే తెలుగు సంవత్సరం అరవై ఏళ్ళకోసారి వస్తుంది, 1882, 1942, 2002. మధ్యదే అవ్వాలి. అంటే 1942 అక్టోబరు. అమ్మ ఇల్లు చేరింది ఆ వేసవిలో. చంకలో కాదు, కడుపులో. ఇన్నేళ్ళూ చెప్పలేదేంటమ్మా అంటే, "ఎవరడిగారు?" అంది.

కాబట్టి ఆడవాళ్ళని అడుగు. కాగితం, పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూలా ఉండి బిగుసుకుపోతారు. ఏదో పని చేస్తూ అడుగు, ఫోన్లో రికార్డు చేస్తున్నానని ముందే చెప్పు. పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా రాసుకో, పెళ్ళితో మాయమయ్యేది అదే. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయి, ఎవరు చెప్పారో పక్కన వేసి. నేను తెలివిగా సర్దబోయి ఒక కథ పాడుచేశాను, అసలు మాట ఏదో ఇప్పుడు నాకే గుర్తులేదు.

సారె సామాన్లు కూడా చూడు. ఇత్తడి బిందెల మీద పేర్లు కొట్టించేవాళ్ళు, కొన్నిటి మీద తేదీ కూడా ఉంటుంది. మా అత్తగారి పేరు సరిగ్గా ఎలా పలకాలో నాకు తెలిసింది గుండిగ మీద చూశాకే.

రాసింది ఫ్యామిలీ గ్రూపులో పెట్టు, తప్పులు పట్టడానికి మనవాళ్ళు పోటీ పడతారు. అదే నీకు కావలసింది. కానీ రెండో పెళ్ళిళ్ళు, అప్పులు, ఇల్లొదిలి వెళ్ళిపోయినవాళ్ళ సంగతులు మాత్రం బతికున్నవాళ్ళని అడగకుండా పెట్టకు. నేనొకసారి పెట్టి, మా వదినతో రెండేళ్ళు మాటల్లేకుండా ఉన్నాను. నిజమే రాశాను, అయినా అది ఆవిడ చెప్పుకోవలసిన నిజం.

మీ అమ్మ వాళ్ళింట్లో అటక మీద మా అమ్మ బిందె ఒకటుండాలి. సొట్ట పడింది. దింపి, చింతపండుతో తోమి, అంచు మీది అక్షరాలు కనిపించేలా ఫోటో తీసి పంపు. నా కళ్ళజోడు కొత్తదే, చదవగలను.

మీ చిన్నమ్మమ్మ