రిపోర్టులోని ప్రొటీన్ వేరు, పప్పులోని ప్రొటీన్ వేరు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 63 ఏళ్లు. చెవి కింద గడ్డ వస్తే ఆపరేషన్ చేసి తీశారు. లాలాజల గ్రంథి క్యాన్సర్ అట. రిపోర్టులో ‘శాలివరీ డక్ట్ కార్సినోమా, ఏఆర్ పాజిటివ్, హెర్2 ప్రొటీన్ 2+’ అని ఉంది. ప్రొటీన్ ఎక్కువైంది కాబట్టి గుడ్లు, పప్పు మాన్పించమంటున్నారు బంధువులు. హెర్2 రొమ్ము క్యాన్సర్‌లో కదా ఉండేది? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గుడ్లు, పప్పు దయచేసి మాన్పించకండమ్మా. రిపోర్టులో రాసింది తిండిలోని ప్రొటీన్ గురించి కాదు. హెర్2 అనేది కణం పైపొర మీద ఉండే ప్రొటీన్. పెరగమనే సంకేతాలను కణం లోపలికి పంపుతుంది. కొన్ని క్యాన్సర్ కణాల మీద ఇది మోతాదు మించి ఉంటుంది. మీ నాన్నగారికి రొమ్ము క్యాన్సర్ పాకిందని కాదు. ఈ రకం గడ్డ మైక్రోస్కోపులో రొమ్ము నాళాల క్యాన్సర్‌ను పోలి ఉంటుంది. సుమారు మూడో వంతు మందిలో హెర్2 కూడా ఎక్కువగా కనిపిస్తుంది.

నన్ను ఆపింది ఆ ‘2+’. హెర్2 ఎంత ఉందో చెప్పే స్కోరు అది. సున్నా, 1+ అయితే నెగెటివ్, 3+ అయితే పాజిటివ్. 2+ అంటే ఇంకా తేలలేదని అర్థం. ‘ఫిష్’ అనే పరీక్షలో హెర్2 జన్యువు కాపీలు లెక్కపెట్టి తేలుస్తారు. మళ్లీ ముక్క తీయనక్కర్లేదు. ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కను మైనంలో బిగించి ల్యాబ్‌లో దాస్తారు, ‘బ్లాక్’ అంటారు. అది చాలు. ఈ పరీక్ష చేశారా అని మీ ఆంకాలజిస్టును తప్పకుండా అడగండి.

పాజిటివ్ వస్తే హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ లాంటి మందులకు దారి ఉంటుంది. ముఖ్యంగా జబ్బు తిరగబెట్టినా, వేరే చోటికి పాకినా ఇవి అక్కరకొస్తాయి. గుండెపై ప్రభావం ఉండొచ్చు కాబట్టి ముందు ఎకో తీయిస్తారు. ఏఆర్ అంటే పురుష హార్మోన్ గ్రాహకం, అంటే ఆ హార్మోన్ వచ్చి అతుక్కునే ప్రొటీన్. ఈ రకంలో ఎక్కువమందికి పాజిటివే. అవసరమైతే ప్రొస్టేట్ క్యాన్సర్‌కు వాడే హార్మోన్ మందులు పనికొస్తాయి.

ఇది కాస్త దూకుడుగా పెరిగే రకమే, దాచను. అందుకే ఆపరేషన్ తర్వాత సాధారణంగా రేడియేషన్ ఇస్తారు. అది చెబితే వాయిదా వేయకండి. ఆ రోజుల్లో నోరు ఎండిపోతుంది, మింగడం కష్టమై బరువు తగ్గుతారు. కారం తగ్గించి మెత్తటి పప్పన్నం, పెరుగు, ఉడికించిన గుడ్డు పెట్టండి. రేడియేషన్ మొదలయ్యేలోపే పళ్ల డాక్టరుకు చూపించి, పాడైన పళ్లుంటే తీయించండి. తర్వాత తీస్తే దవడ ఎముక మానడం కష్టం.