క్వారంటైన్‌లో ప్రార్థనకు మనసు నిలవకపోతే

వందనాలు సిస్టర్. 14 రోజులు ఒకే గదిలో ఉండాలి, ప్రార్థనకు కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ రావడం లేదన్నారు కదా. ముందు ఆన్‌లైన్ ఆరాధనలు తగ్గించండి. నేనూ వరసగా చూశాను, మిగిలింది తలనొప్పే!

బైబిల్లో ఫిలిప్పీ పత్రిక తీయండి, అంటే పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం. 4 అధ్యాయాలే, ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది. పౌలు బంధకాల్లో, అంటే ఖైదులో ఉండి రాసింది, అయినా సంతోషం మాటే మళ్లీ మళ్లీ వస్తుంది. తర్వాత 119వ కీర్తన. అందులో 8 వచనాల చొప్పున 22 భాగాలు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి అనుకుంటే 11 రోజులు. చదివిన వచనాన్నే ప్రార్థనగా తిప్పి చెప్పండి, మాటలు వెతుక్కోనక్కర్లేదు. జ్వరంగా ఉన్న రోజు 23వ కీర్తన చాలు. సంఘంలో ఒంటరిగా ఉన్న పెద్దావిడ ఎవరైనా ఉంటే సాయంత్రం ఫోన్ చేసి, ఆమెతో కలిసి ప్రార్థించండి.