అయిదు వందల కూపన్‌కు ఇల్లు వస్తుందా?

ప్రశ్న: లక్షల మంది ఫాలోవర్లున్న ఒక యూట్యూబర్ తన ఇంటిని లక్కీ డ్రాలో ఇచ్చేస్తానని, కూపన్ ధర 500 రూపాయలని వీడియో పెట్టారు. మా కాలనీలో కొందరు ఇది మోసమంటున్నారు. మరికొందరు చౌటుప్పల్‌లో ఇలాగే డ్రా తీసి ఇల్లు ఇచ్చారు కదా అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
- ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: మోసమా కాదా అనే మీమాంస కంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. డ్రా ఎంత నిజాయితీగా తీసినా అది చట్టానికి విరుద్ధమే. ప్రభుత్వం నడిపేది, లేదా ప్రభుత్వ అనుమతి పొందినది తప్ప మరే లాటరీ తీయడానికైనా కార్యాలయం నడిపితే భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. అటువంటి డ్రా గురించి ప్రకటన ప్రచురించిన వారికి 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది. 1978 నాటి ప్రైజ్ చిట్ల నిషేధ చట్టం ఇంకా కఠినమైనది. పేరు ఏదైనా సరే, జనం దగ్గర డబ్బు వసూలు చేసి చీటీ తీసి కొందరికి బహుమతులిచ్చే పథకాలను అది నిషేధిస్తుంది. మూడేళ్ల వరకు శిక్ష విధించవచ్చు. కూపన్లు అచ్చు వేయడం, ప్రచారం చేయడం కూడా ఆ చట్టం దృష్టిలో నేరాలే. ‘ఈ-పుస్తకం కొనండి, కూపన్ ఉచితం’ అని పేరు మార్చినంత మాత్రాన పథకం స్వభావం మారదు.

ఇందువల్ల గెలిచినవారికి వచ్చే చిక్కు గురించి ఎవరూ మాట్లాడరు. కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందాలు చెల్లవు. మీ పేరు వచ్చిన తరువాత యజమాని రిజిస్ట్రేషన్‌కు రాకపోతే, కూపన్ చూపించి ఇల్లు రాయించుకోవడానికి కోర్టులో మీకు గట్టి ఆధారం ఉండదు.

ఇక మీ కాలనీవారి అనుమానం సంగతి. 2025లో చౌటుప్పల్‌లో ఇల్లు అమ్ముడుపోక ఒక యజమాని 500 రూపాయల కూపన్లు పెట్టినప్పుడు, ఇల్లు ఎక్కడుందో, ఎవరిదో చుట్టుపక్కల వారందరికీ తెలుసు. దాన్ని చూసి మరికొందరు అదే బాట పట్టారు. యూట్యూబర్ విషయంలో ఆ ఊరి కాపలా ఉండదు. ఉదాహరణకు ఇల్లు 40 లక్షలదనుకుందాం. పది లక్షల ఫాలోవర్లలో నూటికి ఇద్దరు ఒక్కో కూపన్ కొన్నా 20,000 కూపన్లు, అంటే కోటి రూపాయలు వసూలవుతాయి. ఎన్ని కూపన్లు అమ్మారో చెప్పేది, డబ్బు తన యూపీఐ ఖాతాలోకి తీసుకునేది, చీటీలు డబ్బాలో వేసేది, చివరికి చీటీ తీసేది ఒక్కరే. లైవ్‌లో డ్రా తీశారు కదా అంటారు. డబ్బాలోంచి ఏ చీటీ బయటికి వచ్చిందో లైవ్‌లో కనిపిస్తుంది గానీ, మీ చీటీ అసలు అందులో పడిందో లేదో కనిపించదు. కాబట్టి ఇక్కడ అనుమానించడం తప్పని నేను అనుకోను. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారంపై హైదరాబాద్‌లో పలువురు ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు నమోదైన తరువాత జనం ఈ మాత్రం జాగ్రత్తపడటం సహజమే.

ఆ ఇంటికి ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు తెలిపే ధ్రువపత్రం) తీసి చూడండి. బ్యాంకులో తాకట్టు ఉండవచ్చు. నిజంగానే గెలిచినా లాటరీ బహుమతిపై 30 శాతం పన్ను, దానిపై సెస్ కలిపి 40 లక్షల ఇంటికి దాదాపు 12.48 లక్షలవుతుంది. బహుమతి వస్తురూపంలో ఉంటే ఆ పన్ను కట్టిన తరువాతే అప్పగించాలి. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు వేరు. ఇంత సొమ్ము చేతిలో ఉన్నవారు 500 కూపన్ వైపు చూస్తారా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటున్న మా అబ్బాయి అక్కడ ఇళ్ల డ్రాలు చట్టబద్ధమేనంటున్నాడు. ఇక్కడ నేరమైనది అక్కడ ఎలా చెల్లుతుంది?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అక్కడ కూడా సొంత లాభానికి లాటరీ నడపడం నేరమే. అయితే 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టం ప్రకారం, డబ్బు కట్టకుండా పోస్టు ద్వారా పాల్గొనే వీలు కల్పిస్తే, లేదా నిజంగా నైపుణ్యాన్ని పరీక్షించే ప్రశ్న పెడితే దాన్ని లాటరీగా లెక్కించరు. ఇళ్లను బహుమతిగా పెట్టే ఒమేజ్ వంటి సంస్థల డ్రాలలో పోస్టు ద్వారా ఉచిత ప్రవేశం ఉండేది అందుకే. వ్యక్తులు పెట్టినవీ ఉన్నాయి: 2017లో లాంకషైర్‌లోని మెల్లింగ్ మేనర్ అనే ఇంటిని యజమాని రెండు పౌండ్ల టికెట్ల మీద డ్రా వేసి నిజంగానే గెలిచినవారికి ఇచ్చారు. అయినా అక్కడి జనం ఇటువంటి వాటిని పూర్తిగా నమ్మరు. చాలినన్ని టికెట్లు అమ్ముడుపోకపోతే ఇంటికి బదులు వసూలైన సొమ్ములో కొంత మాత్రమే ఇస్తామనే షరతు కొన్నింటిలో చిన్న అక్షరాలలో ఉంటుంది. ముగింపు తేదీని అనివార్యమైతే తప్ప మార్చకూడదని అక్కడి ప్రకటనల నియమావళి చెబుతోంది. మీ అబ్బాయిని ముందుగా ఆ షరతులు చదవమనండి.

ప్రశ్న: నేను ఇప్పటికే కూపన్లు కొన్నాను. డ్రా తేదీ వాయిదా వేశారు, ఫోన్ ఎత్తడం లేదు. ఫిర్యాదు చేస్తే నా మీద కూడా కేసు పెడతారా?
- ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: 1978 చట్టం 3వ సెక్షన్ ఇటువంటి పథకంలో చేరడాన్ని కూడా నిషేధిస్తోంది, ఆ మాట దాచను. అంతమాత్రాన ఫిర్యాదు మానుకోవద్దు. మీరు మోసపోయినవారు, పథకం నడిపినవారు కాదు. అయితే కూపన్లు మరొకరికి అమ్మకండి, ఆ లింకును కాలనీ వాట్సాప్ గ్రూపులో పంచకండి. అలా చేస్తే మీరూ ప్రచారం చేసినవారవుతారు. వీడియోను, షరతుల పేజీని తొలగించేలోగా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. యూపీఐ లావాదేవీ నంబర్లతో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేసి, తరువాత స్థానిక పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. నిర్వాహకులు ‘డబ్బుకు బదులు వచ్చే డ్రాలో రెట్టింపు కూపన్లు ఇస్తాం’ అంటే ఒప్పుకోకండి.