ఘనాలో ఎల్మినా లాంటి చిన్న ఊరికి వెళ్తే ఎలా నడుచుకోవాలి?

మీరు ఆఫీసు పని మీద అక్రా వెళ్తున్నారు, శని ఆదివారాల్లో ఎల్మినా చూసి రావాలనుకుంటున్నారు. అక్కడివాళ్ళను ఇబ్బంది పెట్టకుండా ఎలా తిరగాలి, ఫోటోలు తీయొచ్చా, పిల్లలకు ఏమైనా పట్టుకెళ్ళాలా, శాకాహారం దొరుకుతుందా అని కదా మీ ప్రశ్న. నేను కొన్నేళ్ళు అక్రా పక్కనున్న రేవు పట్టణం టెమాలో ఉద్యోగం చేశాను, సెలవు దొరికితే ఎక్కువగా ఆ తీరం వైపే పోయేవాణ్ణి, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

అన్నిటికన్నా ముందు పలకరింపు. మనం కొట్టుకు వెళ్తే "ఎంత ఇది?" అనే మొదలుపెడతాం, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. అక్కడ అది మొరటుతనం. గుడ్ మార్నింగ్ చెప్పి, ఎలా ఉన్నారని అడిగి, వాళ్ళు తిరిగి అడిగితే జవాబిచ్చి, అప్పుడు ధర అడగాలి. నీళ్ళ ప్యాకెట్ కొన్నా అంతే, దారి అడిగినా అంతే. ఇంగ్లీషులో చెప్పినా చాలు, చదువుకున్నవాళ్ళంతా ఇంగ్లీషు మాట్లాడతారు, మధ్యలో ప్లీజ్ అన్న మాట మనకు అతిగా అనిపించేన్నిసార్లు వాడతారు, మీరూ వాడండి. నలుగురు పెద్దవాళ్ళు కూర్చున్న చోటికి వెళ్తే కుడి వైపు నుంచి మొదలుపెట్టి వరసగా అందరికీ చెయ్యి కలపడం పద్ధతి, మధ్యలో తెలిసినవాడు కనబడ్డాడని అతని దగ్గరికి ముందు పోకూడదు. టోపీ ఉంటే తీసేయండి, పెద్దల ముందు కాలు మీద కాలు వేసుకోకండి. ఎడమ చెయ్యి సంగతి మనకు ఎవరూ నేర్పక్కర్లేదు, కానీ ట్రోట్రోలో (అక్కడి షేర్ వ్యాన్) కుడి చేత్తో ఫోన్ పట్టుకుని ఎడమ చేత్తో డబ్బులు ఇచ్చేస్తుంటాం, వసూలు చేసే కుర్రాడు మొహం మాడ్చుకుంటాడు.

మీ పేరు చెప్పగానే ఏ వారం పుట్టారని అడుగుతారు, ఎందుకంటే అక్కడ ప్రతి మనిషికీ పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు ఉంటుంది. శుక్రవారం పుట్టిన అబ్బాయి కోఫీ, శనివారమైతే క్వామే, ఆదివారం పుట్టిన అమ్మాయి అయితే ఎల్మినా వైపు ఎసి అంటారు. మనలో చాలామందికి తేదీ గుర్తుంటుంది గానీ వారం గుర్తుండదు. ఇంట్లో జాతకం రాయించి ఉంటే అందులో ఉంటుంది, బయలుదేరే ముందే చూసుకోండి. ఆ పేరుతో పిలవడం మొదలుపెడితే తర్వాత మాటలు చాలా తేలిగ్గా సాగుతాయి.

ఇక ఊరు. ఎల్మినా ఫాంటీ మాట్లాడే జాలర్ల ఊరు, కేప్ కోస్ట్ నుంచి పడమరగా పన్నెండు పదమూడు కిలోమీటర్లు. అక్రాలో కనేషీ స్టేషన్ నుంచి కేప్ కోస్ట్ వైపు వ్యాన్లు దొరుకుతాయి, నిండితేనే కదులుతాయి, కసోవా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇక అంతే, కాబట్టి శనివారం తెల్లవారుజామునే బయల్దేరండి. ఊళ్ళోకి దిగాక ముందు కనబడేది బెన్యా కయ్య (సముద్రంలో కలిసే ఉప్పునీటి మడుగు), అందులో రంగురంగుల పెద్ద పడవలు, వాటి మీద జెండాలు, బైబిల్ వాక్యాలు, పక్కనే చేపల రేవు, వెనకాల తెల్లటి కోట. కెమెరా ఉన్నవాడికి చెయ్యి ఆగని చోటు అది. గొడవలు జరిగేది కూడా అక్కడే.

చేపల రేవులో మనుషుల్ని అడక్కుండా ఫోటో తీయకండి. అది వాళ్ళు పని చేసుకునే చోటు, చెమటలు కారుతూ, చొక్కాలు లేకుండా, బరువులు మోస్తూ ఉన్నప్పుడు ఎవడో వచ్చి ఫోన్ ఎత్తితే ఎవరికైనా మండుతుంది. ఉప్పాడలోనో భీమిలిలోనో అలా తీసినా మన జాలర్లు ఊరుకుంటారా? చేపలు అమ్మే ఆడవాళ్ళు మరీ గట్టిగా అరుస్తారు, ఆ బజారు నడిపేది వాళ్ళే, సరుకు ఏ ధరకు పోవాలో చెప్పే మాట కూడా వాళ్ళదే. ముందు మాట కలపండి, వీలైతే ఏదో ఒకటి కొనండి, తర్వాత అడగండి. వద్దంటే వద్దు. దూరం నుంచి జూమ్ చేసి తీస్తే తెలియదనుకోవడం భ్రమ, ఊరంతా చూస్తూనే ఉంటుంది. వీధుల్లో పోసుబాన్ అనే కట్టడాలు కూడా కనబడతాయి, ఆసఫో అనే పాతకాలపు పోరాట దళాలవి, ఓడలు, మనుషుల బొమ్మలతో భలే ఉంటాయి. బొమ్మలు చూసి పార్కు అనుకోకండి, అవి వాళ్ళకు పూజ్యమైనవి. దగ్గర కూర్చున్న పెద్దాయనను అడిగితే కొంత డబ్బు అడగొచ్చు, అది మోసం కాదు, ఆ కట్టడాన్ని చూసుకునేది వాళ్ళే.

కోట గురించి కాస్త ఎక్కువే చెప్తాను, మనవాళ్ళు ఎక్కువగా పరువు తీసేది అక్కడే కాబట్టి. పోర్చుగీసులు 1482లో కట్టారు, సహారాకు దక్షిణాన యూరోపియన్లు కట్టి ఇంకా నిలిచి ఉన్నవాటిలో అదే అన్నిటికన్నా పాతది. మొదట బంగారం వ్యాపారం, తర్వాత మనుషుల వ్యాపారం. 1637లో డచ్చివాళ్ళు లాక్కున్నారు, 1872లో బ్రిటిష్‌వాళ్ళ చేతికి వచ్చింది. ఆడవాళ్ళను కుక్కిన చీకటి గదులు, వాళ్ళు నిలబడిన వాకిలి, పైనుంచి గవర్నరు చూసే వసారా, చనిపోయేదాకా మూసేసే గది తలుపు మీద పుర్రె గుర్తు, చివరికి ఓడల్లోకి నెట్టే సన్నటి ద్వారం, ఇవన్నీ గైడు ఒక్కొక్కటీ చూపిస్తాడు. అసాంటే రాజు మొదటి ప్రెంపేను కూడా 1896లో బ్రిటిష్‌వాళ్ళు పట్టుకొచ్చి ఈ కోటలోనే ఉంచారు, ఆ తర్వాత సియెర్రా లియోన్‌కు, అక్కడి నుంచి సీషెల్స్‌కు పంపేశారు.

మీతో పాటు అదే గుంపులో అమెరికా నుంచో కరీబియన్ నుంచో వచ్చిన నల్లజాతివాళ్ళు ఉంటారు. వాళ్ళ ముత్తాతలు ఈ తీరం మీద నుంచే పోయి ఉండొచ్చు. ఆ చీకటి గదిలో కొందరు గోడ పట్టుకుని ఏడుస్తారు. ఆ ద్వారం దగ్గర రెండు వేళ్ళు చూపిస్తూ సెల్ఫీ దిగిన మన కుర్రాళ్ళను నేను చూశాను, పక్కన నిలబడటానికే సిగ్గేసింది. లోపల గొంతు తగ్గించండి, గైడు మాట్లాడుతుంటే ఫోన్‌లో స్కోరు చూడకండి. విదేశీయులకు టికెట్ ధర ఎక్కువ ఉంటుంది, దానికి బేరం ఆడకండి, తాజ్‌మహల్ దగ్గర మనమూ విదేశీయుల దగ్గర ఎక్కువే తీసుకుంటాం.

కోట బయట కుర్రాళ్ళు మీ పేరు అడుగుతారు. మీరు లోపల తిరిగి వచ్చేసరికి ఒక గవ్వ మీద మీ పేరు, "నా మిత్రుడికి" అన్న మాటా రాసి తెచ్చి డబ్బులు అడుగుతారు, లేదా బడి ఫుట్‌బాల్ జట్టుకు చందా అని కాగితం చూపిస్తారు. కోప్పడాల్సినదీ లేదు, టెన్షన్ పడాల్సినదీ లేదు. నవ్వి "ఇవాళ వద్దు తమ్ముడూ" అన్నట్టు చెప్పి నడవండి, గవ్వ నచ్చితే కొనండి. పిల్లలకు మాత్రం చాక్లెట్లు, పెన్నులు, చిల్లర పంచకండి. ఒకరికి ఇస్తే ఇరవై మంది వస్తారు, చివరికి చిన్నపిల్లలు తోపులాటలో పడతారు, రేపటి నుంచి బడి మానేసి కోట దగ్గర నిలబడటమే పని అవుతుంది. ఇవ్వాలని గట్టిగా ఉంటే బడికి వెళ్ళి హెడ్మాస్టరుతో మాట్లాడండి. అనాథాశ్రమానికి వెళ్ళి పిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు దిగే ఆలోచన ఉంటే మానుకోండి, అంతకన్నా మొహమాటం లేకుండా చెప్పలేను.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి. మనవాళ్ళు నలుగురు కలిస్తే తెలుగులో "ఈ నల్లోళ్ళు" అంటూ మొదలుపెడతారు, వాళ్ళకు అర్థం కాదులే అని. మాట అర్థం కాకపోయినా మొహం అర్థమవుతుంది. పైగా మన గురించి వాళ్ళకు తెలియనిది తక్కువ. ఘనాలో ఎక్కువమందికి వచ్చిన ట్వీ భాషలోకి డబ్బింగ్ చేసిన హిందీ సీరియళ్ళు ఊరూరా చూస్తారు, వాటి గురించే నన్ను ఎందరో ఆపి అడిగారు. అలాగే 2017లో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థుల్ని కొట్టిన సంగతి కూడా అక్కడ తెలుసు. అక్రాలోని ఘనా విశ్వవిద్యాలయంలో 2016లో పెట్టిన గాంధీ విగ్రహాన్ని, ఆయన దక్షిణాఫ్రికా తొలి రోజుల్లో నల్లవారి గురించి రాసిన మాటల మీద అధ్యాపకులు, విద్యార్థులు అభ్యంతరం చెప్పడంతో 2018లో తీసేశారు. ఎవరైనా ఆ విషయం ఎత్తితే వాదించి గెలవాలని చూడకండి, వినండి. నేను విన్నప్పుడే ఎక్కువ నేర్చుకున్నాను.

తిండికి వస్తే, అక్కడివాళ్ళు తింటూ ఉండగా మీరు పక్కనుంచి వెళ్తే రమ్మని పిలుస్తారు, మర్యాదకు పిలిచే పిలుపు అది, థాంక్యూ చెప్పి బాగా తినండి అంటే సరిపోతుంది. శాకాహారం దొరుకుతుంది గానీ అడిగి తెలుసుకోవాలి. పామాయిల్లో వండిన అలసందల కూర, వేయించిన అరటి ముక్కలతో ఇస్తారు, దాన్ని రెడ్ రెడ్ అంటారు. కానీ చాలాచోట్ల కూరలో చేప పొడి పడుతుంది. షిటో అనే నల్ల కారం చూసి మన గోంగూర పచ్చడిలా లాగించేయకండి, అందులో ఎండు రొయ్యలు, ఎండు చేపలు ఉంటాయి. మాంసం తినను అంటే చేప తింటారనే అనుకుంటారు, కాబట్టి చేప కూడా వద్దని విడిగా చెప్పండి. చేపలు తినేవాళ్ళకైతే స్వర్గం, అరటాకుల్లో చుట్టిన ఫాంటీ కెంకీ (పులిసిన మొక్కజొన్న పిండి ముద్ద), వేయించిన చేప, ఆ షిటో. చేత్తోనే తింటారు, చెయ్యి కడుక్కోవడానికి గిన్నెలో నీళ్ళు ముందే పెడతారు, ఆ విషయంలో మనం ఇంట్లో ఉన్నట్టే.

మీకు రెండు రోజులే ఉన్నాయి కాబట్టి కోట, రేవు శనివారమే చూసేయండి. ఆదివారం పొద్దున ఊరంతా చర్చిలో ఉంటుంది, కొట్లు చాలావరకు మూసి ఉంటాయి. శనివారం ఎరుపు నలుపు బట్టల్లో పెద్ద గుంపు, మైకులు, డ్యాన్సు కనబడితే పెళ్ళి అనుకుని దూరిపోకండి, అది అంత్యక్రియలు, అక్కడ వాటిని చాలా ఘనంగా చేస్తారు. ఎవరైనా పిలిస్తే వెళ్ళొచ్చు, ముదురు రంగు బట్టలు వేసుకుని, వెళ్ళగానే కుటుంబంవాళ్ళకు చెయ్యి కలిపి, కొంత డబ్బు చదివించాలి. మంగళవారం ఉండగలిగితే ఇంకా మంచిది, ఆ రోజు సముద్రంలోకి ఎవరూ వెళ్ళరు, వలలు బాగు చేసుకుంటూ తీరిగ్గా ఉంటారు, మాట్లాడటానికి దొరుకుతారు. జూలై మొదటి మంగళవారం బకాటుయే పండుగ, కయ్యలో చేపల వేట మీద ఉన్న నిషేధాన్ని ఆ రోజు వల విసిరి ఎత్తేస్తారు. సెలవు కుదిరితే దానికి వెళ్ళండి.

సైనికులు వేసుకునే మచ్చల డిజైన్ ప్యాంటు, టోపీ ఉంటే హైదరాబాద్‌లోనే వదిలేయండి, అక్కడ మామూలు జనం వేసుకోవడం నేరం. సముద్రంలో ఈత వద్దు, లోపలికి లాగే ప్రవాహం గట్టిగా ఉంటుంది. మలేరియా మాత్రల గురించి డాక్టరును అడగండి. యెల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. తిరిగి వచ్చాక మన ఎయిర్‌పోర్టులో కూడా ఆ టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు అడుగుతారు, చూపించలేకపోతే క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకుంది, కాబట్టి దాన్ని చెక్ ఇన్ బ్యాగులో పడేయకుండా పాస్‌పోర్టుతోనే ఉంచుకోండి.