విడుదలైన తెగ కథ రాస్తున్న చెల్లెలికి

చిరంజీవి చెల్లికి,

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. ఉప్పు మడుల్లో తరతరాలు బానిసలుగా బతికి బయటపడ్డ తెగను ఎంచుకున్నావు. అక్కడే సగం నవల ఉంది. కానీ నీ వీరులు ఆ మడుల్లోంచి వచ్చినవాళ్ళలా లేరు. అందరూ ఆజానుబాహులే, అందరి చేతుల మీదా పచ్చబొట్లే. పండగ వస్తే మంట చుట్టూ నాట్యం. ఇవి ఏ తెగకి పెట్టినా సరిపోతాయి. బానిసత్వం వాళ్ళ ఒంట్లో, తిండిలో, పాటలో ఎక్కడ మిగిలిందో నాకు కనబడలేదు.

ముందు ఒకటి తేల్చుకో: వాళ్ళని ఎవరు విడిపించారు? రాజు దయతలిచి వదిలేసి ఉంటే పాటల్లో రాజు ఉంటాడు. వాళ్ళే తెంచుకుని అడవి పట్టి ఉంటే పాటల్లో ఆ దారి ఉంటుంది, దారిలో రాలిపోయినవాళ్ళ పేర్లు ఉంటాయి. నువ్వు ఒకచోట రాజాజ్ఞ అన్నావు, ఇంకోచోట తిరుగుబాటు అన్నావు. రెండూ నిజమైతే తెగలో ఇద్దరు పెద్దలు ఈ విషయం మీదే జీవితాంతం మాట్లాడుకోకుండా ఉండాలి కదా!

ఇలాంటి కథ ఎవరు తెచ్చినా నేను కరీబియన్ ద్వీపం జమైకాలోని మరూన్ల గురించి, అంటే బానిసత్వం నుంచి పారిపోయి కొండల్లో బతికినవాళ్ళ గురించి చెబుతాను. 1655లో ఇంగ్లీషువాళ్ళు స్పెయిన్ నుంచి ఆ ద్వీపాన్ని లాక్కున్నప్పుడు ఆ గందరగోళంలో చాలామంది బానిసలు కొండలెక్కారు. తర్వాత చెరకు తోటల నుంచి పారిపోయినవాళ్ళు వచ్చి కలిశారు. సైన్యాన్ని ఏళ్ళ తరబడి ముప్పుతిప్పలు పెట్టారు. ఒంటికి ఆకులూ కొమ్మలూ కట్టుకుని పొదల్లో పొదలా కదలకుండా నిలబడేవాళ్ళు. వాళ్ళకి అబెంగ్ అని ఒక కొమ్ముబూర ఉంది, ఆవు కొమ్ముతో చేస్తారు. పక్కనున్న రంధ్రంలోంచి ఊదుతూ, కొసన ఉన్న చిన్న రంధ్రాన్ని బొటనవేలితో మూస్తూ తెరుస్తూ స్వరం మారుస్తారు. ఈ కొండ మీద ఊదితే అవతలి కొండకి కబురు అందేది. తోటల యజమానులు బానిసల్ని పనికి పిలవడానికి ఊదించింది కూడా అలాంటి కొమ్మునే. పొలంలోకి తోలిన చప్పుడే కొండెక్కాక యుద్ధ సంకేతమైంది. ఈనాటికీ పండగకీ చావుకీ దాన్ని ఊదుతారు.

నీ తెగకి అలాంటి వస్తువు ఒక్కటి దొరికితే చాలు. ఉప్పును గట్టు మీదకి లాగే పొడుగాటి కర్ర పలక ఉంటుంది చూడు, నీ వీరుడికి కత్తి బదులు అదెందుకు ఇవ్వకూడదు? వాళ్ళ యుద్ధవిద్యలో అడుగులన్నీ వెనక్కే ఎందుకు పడకూడదు? ఉప్పు లాగేవాడు వెనక్కే నడుస్తాడు కదా.

ఉప్పు సంగతి కూడా పైపైన వదిలేశావు. అకాంపాంగ్ అనే మరూన్ల ఊళ్ళో ఏటా జనవరి 6న పండగ చేస్తారు. ఆ రోజు చనిపోయిన పెద్దలకి పెట్టే వంటలో ఉప్పు వెయ్యరు. కరీబియన్ దీవుల్లో బానిసల మధ్య ఒక నమ్మకం ఉండేది, ఉప్పు తిన్నవాడు ఒళ్ళు బరువెక్కి సొంతగడ్డ ఆఫ్రికాకి ఎగిరి వెళ్ళలేడని. మన దేశంలోనే గుజరాత్‌లో, కచ్ చిన్న రణ్ అనే ఉప్పునేలలో ఉప్పు పండించే అగరియాలున్నారు. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నిలబడి గట్టిపడిన పాదాలు చితి మీద కూడా తొందరగా కాలవని వాళ్ళ గురించి చెబుతారు. మరి నీ తెగలో ముసలివాడు పోతే దహనం ఎలా జరుగుతుంది? మనవడు ఆ పాదాల్ని ఏం చేస్తాడు? ఆ ఒక్క దృశ్యం ఓపిగ్గా రాస్తే నీ పచ్చబొట్లన్నీ కొట్టేయొచ్చు.

ఆడవాళ్ళని వంటకీ ఏడుపుకీ పరిమితం చేశావు, అది నాకు బాధ కలిగించింది. జమైకా 500 డాలర్ల నోటు మీద ఉన్నది మరూన్ల నాయకురాలు నానీ. దక్షిణ అమెరికాలోని సూరినామ్‌లో తోటల నుంచి పారిపోయిన ఆడవాళ్ళు జడల్లో వడ్లగింజలు దాచుకుని అడవిలోకి తెచ్చారని అక్కడి మరూన్లు చెప్పుకుంటారు. కొన్ని రకాల వరికి ఆ స్త్రీల పేర్లే ఉన్నాయి. వాళ్ళలో సరమాకా తెగ పెద్దలు పారిపోయిన కాలం నాటి కథల్ని ఎవరికీ పూర్తిగా చెప్పరు. ఆ జ్ఞానానికి శక్తి ఉందని, ప్రమాదం కూడా ఉందని వాళ్ళ నమ్మకం. ఒకరి దగ్గర ఒక ముక్క, ఇంకొకరి దగ్గర ఇంకో ముక్క. నువ్వేమో మొదటి అధ్యాయంలోనే తాత చేత చరిత్రంతా గడగడా చెప్పించేశావు. ఆ తాతని కాసేపు నోరు మూసుకోనివ్వు.

ఇక కష్టమైన మాట. 1739లో కుడ్జో నాయకత్వంలోని మరూన్లు ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకున్నారు. స్వేచ్ఛ దక్కింది, 1500 ఎకరాల భూమి దక్కింది. బదులుగా, కొత్తగా పారిపోయి వచ్చే బానిసల్ని పట్టి అప్పగించాలి, తిరుగుబాట్లు అణచడానికి సాయపడాలి. 1760లో టాకీ అనే బానిస నాయకుడు తిరగబడితే అతన్ని కాల్చి చంపింది ఒక మరూన్ తుపాకీయే. ఇది చదివి వాళ్ళని ద్రోహులని తేల్చేయకు. ఎనభై ఏళ్ళు కొండల్లో పోరాడి, పిల్లల్ని బతికించుకోవాలనుకున్నవాళ్ళు వాళ్ళు. టాకీ కూడా తన పిల్లల కోసమే లేచి ఉంటాడు. నీ తెగ అలాంటి సంతకం పెట్టి ఉంటే వాళ్ళ పండగలో ఏ పాట పాడరు? ఎవరి పేరు ఎత్తరు? జానపద సంప్రదాయమంటే పాడేదే అనుకుంటున్నావు, పాడకుండా దాటేసేది కూడా అందులో ఉంటుందని నా అభిప్రాయం.

యుద్ధం అయిపోయాక వీరుడు ఏమవుతాడో కూడా చూడాలి. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ మీదుగా ఎన్నోసార్లు వెళ్ళి ఉంటావు. అది నిజాం దగ్గర పనిచేసిన ఆఫ్రికన్ అశ్వదళం, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు. సంస్థానం విలీనమయ్యాక ఆ దళం పోయింది, ఆ ఆఫ్రికన్ల సంతతి అయిన సిద్దీ కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. పెళ్ళి ఊరేగింపుల్లో వాళ్ళు మర్ఫా అనే డోలు వాద్యం వాయిస్తుంటే ఒకసారి దగ్గర నిలబడి విను. కత్తి తిప్పుతూ ఆడేవాడి పాదాలు గమనించు. తాతలు సిపాయిలు, మనవడి చేతిలో డోలు, ముందు పెళ్ళికొడుకు. నీ నవల చివరి భాగానికి ఇది పనికొస్తుందని నా నమ్మకం. అలాగని మర్ఫానీ అబెంగ్‌నీ ఉన్నవి ఉన్నట్టు ఎత్తుకెళ్ళి పేర్లు మార్చి పెట్టేయకు. అవి బతికున్న మనుషులవి. అవి ఎలా పుట్టాయో అర్థం చేసుకుని నీ ఉప్పు మడుల్లోంచి నీవి పుట్టించు.

యుద్ధం అధ్యాయం గురించి ఇప్పుడు టెన్షన్ పడకు, దాన్ని పక్కన పెట్టు. ముందు ఒప్పందం రోజు రాసి పంపు. ఎవరు వేలిముద్ర వేశారు, ఎవరు రానన్నారు, ఆ రాత్రి ఇంటికొచ్చిన నాయకుడికి వాళ్ళావిడ అన్నం పెట్టిందా లేదా, అది కావాలి నాకు.

ఆశీస్సులతో,
మీ అక్క