గర్భసంచి తీయించకపోతే క్యాన్సర్ వస్తుందా?

మీరు అడిగింది ఇదీ: కావలి దగ్గర పల్లెలో ఉండే మీ అక్కకు 36 ఏళ్లు. తెల్లబట్ట, నడుము నొప్పి. స్కాన్ తీసి, సంచి వాచింది, మూతి దగ్గర పుండు ఉంది, తీసేయకపోతే క్యాన్సర్‌కి తిరుగుతుంది అన్నారు. వచ్చే వారం ఆపరేషన్‌కి రమ్మన్నారు. పోవాలా వద్దా?

వచ్చే వారం మాత్రం పోవద్దు.

నేను నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో పీహెచ్‌సీ డాక్టరుగా చేసి రిటైరయ్యాను. ఎంబీబీఎస్ అయిన కొత్తలో ఒక నర్సింగ్ హోమ్‌లో డ్యూటీలు చేశాను. అక్కడ వారానికి నాలుగైదు సంచులు తీసేవాళ్లు. తీసినదాన్ని స్టీలు బేసిన్‌లో పెట్టి బయట కూర్చున్న బంధువులకు చూపించడం నా పని. "చూడండి, ఎంత పాడైపోయిందో" అనాలి. నేనూ అన్నాను. పాడైందో లేదో బయాప్సీకి, అంటే ల్యాబ్‌లో ముక్క పరీక్షకి, పంపితే కదా తెలిసేది? చాలావాటిని పంపనేలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒకామె వాకిట్లో జారిపడి మణికట్టు విరిగి మా పీహెచ్‌సీకి వచ్చింది. వయసు 44. ప్లాస్టిక్ కవర్లోంచి పాత డిశ్చార్జి కాగితం తీసింది. అదే నర్సింగ్ హోమ్‌ది. 34వ ఏట సంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసినట్టు అందులో ఉంది. ఆమెకు ఆ సంగతే తెలియదు. "సంచి ఒక్కటే అన్నారు గదా సార్" అంది. అండాశయాలు పోతే ఆ వయసులోనే ముట్లుడిగినట్టు. ఆవిర్లు వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. మరి తెల్లబట్ట తగ్గిందా అని అడిగాను. ఆర్నెల్లకే మళ్లీ మొదలైందట. ఆ రోజు ఆపరేషన్ గదిలో నేనున్నానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఇక మీ అక్క రిపోర్టు సంగతి. స్కాన్‌లో 'బల్కీ' అని రాసి ఉంటుంది. పిల్లల్ని కన్న సంచి కాస్త పెద్దగా ఉండడం మామూలే. మూతి దగ్గర ఎర్రగా కనిపించేదాన్ని పుండు అనేస్తారు, చాలాసార్లు అది పుండు కాదు, లోపలి పొర కొంచెం బయటికి రావడమే. నాబోతియన్ సిస్టులని రాస్తే అవి మూతి మీద వచ్చే చిన్న బుడగలు, అవీ హాని లేనివే. తెల్లబట్ట దుర్వాసన, దురదతో ఉంటే ఇన్ఫెక్షన్. మందులతో తగ్గుతుంది, ఒక్కోసారి భర్తకూ ఇవ్వాలి. గర్భసంచి మూతి క్యాన్సర్‌కి మూలం హెచ్‌పీవీ వైరస్. అది ముదరకముందే పట్టుకునే పరీక్షలున్నాయి: మూతి దగ్గర కణాలు తీసి ల్యాబ్‌లో చూసే పాప్ స్మియర్, లేదా మూతికి వెనిగర్ లాంటి ద్రావణం పూసి చూడడం. 30 దాటిన ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి ఆ రెండోది చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. ఆపరేషన్ తేదీ ఇచ్చినవాళ్లు ఈ పరీక్ష చేశారా?

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, మన రాష్ట్రంలో 8.9 శాతం. మన ఆడవాళ్ల సంచులకే ఇంత జబ్బేమిటి? జబ్బు సంచిలో లేదు, డబ్బు లెక్కలో ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు నేనూ సంతోషించాను, గుండె ఆపరేషన్లు చేయించుకుని బతికిన పేదవాళ్లను కళ్లారా చూశాను. కానీ ప్యాకేజీ అంటే ఒక్కో ఆపరేషన్‌కి కట్టిన ధర. పావుగంట కూర్చోబెట్టి "నీకు ఆపరేషన్ అక్కర్లేదమ్మా" అని చెప్పినందుకు ఏ ప్యాకేజీ లేదు. కార్డు లేనివాళ్ల దగ్గర అదే పని నగదుతో నడుస్తుంది, పంపిన ఆర్‌ఎంపీకి వాటా పోతుంది. అనవసరంగా సంచులు తీయకుండా 2022లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఆసుపత్రి రాసి పంపిన కారణాన్ని ఆ మార్గదర్శకాల కింద వేసిన కమిటీ చదివినంత మాత్రాన ఆగుతుందని నాకు నమ్మకం లేదు.

తప్పంతా డాక్టర్లదే అనను. నాట్లకో పొగాకు బ్యారన్లకో పోయే ఆడవాళ్లు "పిల్లలు చాలు, నెలనెలా ఈ బాధ పడలేము, తీయించండి సార్" అని నన్నే అడిగేవాళ్లు. మూడు రోజుల కూలి పోతుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

నిజంగా తీయాల్సిన సందర్భాలూ ఉన్నాయి: క్యాన్సర్, మందులకు లొంగని రక్తస్రావం, పెద్ద గడ్డలు, సంచి బయటికి జారడం. కలయిక తర్వాత గానీ ముట్లుడిగాక గానీ రక్తం కనిపిస్తే పరీక్ష చేయించుకోవడానికి ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు. మీరు రాసినదాన్ని బట్టి మీ అక్కకు అవేవీ లేవు.

ఆపరేషన్ చెప్పిన ఆసుపత్రితో సంబంధం లేని గైనకాలజిస్టు దగ్గరికి, లేదా నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లి పాప్ స్మియర్ చేయించండి. పాత స్కాన్ కూడా పట్టుకెళ్లండి. రేపు ఎప్పుడైనా ఆపరేషన్ తప్పనిసరైతే, అండాశయాలు ఉంచుతారా, బయాప్సీకి పంపుతారా అని సంతకం పెట్టేముందే అడగండి. పాప్ స్మియర్ రిపోర్టు వచ్చాక అందులో ఏం రాశారో ఇక్కడ పెట్టండి, చూస్తాను.