ఆగస్టులో దిగితే నవంబరులో రాలే జుట్టు

ప్రతి ఏడూ దీపావళి వెళ్లాక నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. ఆగస్టులో ఎంఎస్ చదవడానికి అమెరికాలో దిగిన పిల్లలు చేస్తారు. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వాళ్లే ఎక్కువ. మా వైపు వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో నా నంబరు తిరుగుతూ ఉంటుంది మరి. అప్పటికి గది కుదిరి ఉంటుంది, బస్సు దారులు తెలిసి ఉంటాయి, మొదటి మిడ్‌టర్మ్ కూడా అయిపోయి ఉంటుంది. "అక్కా, ఇక్కడి నీళ్లు నాకు పడటం లేదు. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టే" అంటారు.

నేను డాక్టర్ని కాను. డల్లాస్ దగ్గర ఒక మందుల షాపులో పనిచేస్తాను. జుట్టు విటమిన్ల అర ముందు మన పిల్లలు నిలబడి సీసాలు తిప్పి తిప్పి చూడటం నాకు రోజూ కనబడేదే. కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో చెప్పలేనివి ఇక్కడ రాస్తున్నాను.

ముందు నీళ్ల సంగతి. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి వచ్చినవాళ్లు కూడా ఇక్కడి నీళ్లనే తిడతారు. నాకు నవ్వొస్తుంది. ఫ్లోరైడ్ బోరు నీళ్లతో, ఉప్పు నీళ్లతో ఇరవయ్యేళ్లు తలంటుకున్న జుట్టు ఇక్కడి మునిసిపల్ నీళ్లకి మూడు నెలల్లో ఊడిపోతుందా? సున్నం ఎక్కువున్న నీళ్లకి జుట్టు గరుకెక్కుతుంది, చివర్లు చిట్లుతాయి, మధ్యలో తెగుతుంది. కుదురు నుంచి ఊడటం వేరు. రాలిన వెంట్రుకని వెలుగులో పట్టుకుని చూడండి. ఒక కొసన తెల్లటి చిన్న బొడిపె ఉంటే అది కుదురు నుంచి వచ్చింది. బొడిపె లేకుండా తునిగినట్టుంటే మధ్యలో తెగింది. బొడిపె కనబడితే షవర్ ఫిల్టర్‌కి డబ్బు తగలేయకండి.

ఇప్పుడు అసలు విషయం. తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి రెండు నుంచి ఆరేళ్లు పెరిగి, తర్వాత రెండు మూడు నెలలు ఊరికే కుదురులో ఉండి, అప్పుడు రాలుతుంది. ఎప్పుడు చూసినా పదింట ఒక వంతు ఈ విశ్రాంతి దశలో ఉంటాయి కాబట్టి రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. ఒంటికో మనసుకో పెద్ద దెబ్బ తగిలిందనుకోండి, ఇంకా పెరగాల్సిన వెంట్రుకలు కూడా బోలెడన్ని కలిసి విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. వేర్వేరు వారాల్లో నాటిన మళ్లన్నీ ఒకేసారి కోతకొచ్చినట్టు, రెండు మూడు నెలల తర్వాత అన్నీ కలిసి రాలతాయి. డాక్టర్లు దీన్ని టెలోజన్ ఎఫ్లూవియం అంటారు.

అంటే నవంబరులో జుట్టు రాలుతుంటే నవంబరులో వాడిన షాంపూని అడిగి లాభం లేదు. ఆగస్టు, జులై నెలలు గుర్తు తెచ్చుకోవాలి. అప్పుడేం జరిగింది? వీసా ఇంటర్వ్యూ తేదీ కోసం రాత్రిళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకున్నారు. నెల్లూరు నుంచి కారులో చెన్నై ఎయిర్‌పోర్టుకి వెళ్లి, అమ్మ ఏడుస్తుంటే లోపలికి నడిచారు. దిగాక నెల రోజులు నిద్ర లేదు, బ్రెడ్డూ మ్యాగీ తప్ప తిండి లేదు. టెన్షన్ ఒక్కటే కారణం కానక్కర్లేదు. బయల్దేరే ముందు డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ లాంటి పెద్ద జ్వరం వచ్చిందా? ఆపరేషన్ జరిగిందా? గబగబా బరువు తగ్గారా? కొత్త మందు మొదలెట్టారా? గర్భనిరోధక మాత్రలు ఆపారా? కాన్పయిన మూడో నెలలో ఆడవాళ్లకి కుచ్చులు కుచ్చులుగా రాలేదీ ఈ రకమే. పాపని చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చిన అమ్మ "తలకి నూనె పెట్టుకోకపోతే రాలక ఏమవుద్ది" అని కోప్పడుతుంది గానీ, నూనెకీ దీనికీ సంబంధం లేదు.

ఈ రకం రాలుడులో కుదురు చచ్చిపోదు. కారణం తొలగితే మూడు నుంచి ఆరు నెలల్లో రాలడం తగ్గి, కొత్త జుట్టు వస్తుంది. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు లెక్కన పెరుగుతుంది కాబట్టి పాత ఒత్తు కంటికి కనబడటానికి ఏడాది పైనే పట్టొచ్చు. నుదుటి అంచున పిల్లజుట్టు లేచి నిలబడుతుంటే అది మొదలైనట్టే.

మరి కారణం తొలగకపోతే? విదేశంలో చదువుకునే పిల్లల విషయంలో ఇదే చిక్కు. జ్వరం తగ్గిపోతుంది, ఈ టెన్షన్ తగ్గదు. క్లాసులు అయ్యాక ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి, అందులో 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. మార్చి వస్తే హెచ్1బీ ఉద్యోగ వీసా లాటరీ. ఇంటి దగ్గర లోన్ వాయిదా. పైగా జుట్టు రాలుతోందన్న దిగులు దానికదే ఇంకో టెన్షన్. కొందరు భయపడి తలస్నానం మానేస్తారు. వారం తర్వాత చేస్తే ఏడు రోజుల జుట్టూ ఒక్కసారి చేతికొస్తుంది, గుండె ఆగినంత పనవుతుంది, మళ్లీ వాయిదా వేస్తారు. మామూలుగా స్నానం చేయండి, లెక్కపెట్టడం మానేయండి. నెలకొకసారి అదే లైటు కింద, అదే పాపిడితో ఫోటో తీసిపెట్టుకుంటే చాలు, తర్వాత డాక్టరుకి కూడా పనికొస్తుంది.

తగ్గించుకోగలిగిన టెన్షన్‌లో మొదటిది నిద్ర. టెక్సాస్‌కీ మనకీ పదిన్నర, పదకొండున్నర గంటల తేడా. అమ్మ మధ్యాహ్నం అన్నం తిని ఫోన్ చేస్తే ఇక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. ఒక సమయం అనుకుని, మిగతా వేళల్లో ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, అమ్మ అలిగినా సరే. రెండోది యూనివర్సిటీ కౌన్సిలింగ్. చాలాచోట్ల కట్టిన ఫీజులోనే ఉంటుంది, విడిగా డబ్బు అడగరు. మనవాళ్లు "మాకేమన్నా పిచ్చా" అని ఆ గుమ్మం తొక్కరు. అక్కడ మాట్లాడినవి ప్రొఫెసర్లకీ ఇంట్లోవాళ్లకీ చేరవు. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రమే వేరే. నిజంగానే చచ్చిపోవాలనిపించేంత దిగులుంటే 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పంపొచ్చు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు.

తిండి గురించి. చేపల పులుసూ పప్పూ తిని పెరిగిన పిల్లలు ఇక్కడికొచ్చి ఫ్రోజెన్ పరోటాల మీద బతుకుతుంటారు. జుట్టంటేనే ప్రోటీన్. గుడ్లు చవక, కందిపప్పు ఏ ఇండియన్ స్టోర్లోనైనా దొరుకుతుంది. డబ్బాలో వచ్చే సార్డిన్ చేపలతో కూడా చింతపండు పులుసు కుదురుతుంది, పుల్ల మామిడికాయ ముక్క దొరికితే మన నెల్లూరు పులుసుకి దగ్గరకొస్తుంది. నమ్మకపోతే ఒక ఆదివారం చేసి చూడండి, రూమ్మేట్లు వాసనకి గొణిగితే కిటికీ తీయండి. ఆడపిల్లల్లో ఐరన్ తక్కువ ఉండటం చాలా మామూలు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలో ఐరన్ సరిగా ఒంటికి పట్టదు, గంట ఆగండి. నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. మాంసం, గుడ్డు, పాలు అసలు ముట్టనివాళ్లు బి12 చూపించుకోవాలి.

ఇక మా షాపులో ఎక్కువ అమ్ముడుపోయే బయోటిన్ సీసాలు. పెద్దవాళ్లకి రోజుకి 30 మైక్రోగ్రాములు చాలు. సీసా మీద 5,000, 10,000 అని ఉంటుంది. బయోటిన్ లోపం చాలా అరుదు, లోపం లేనివాళ్లకి దానితో జుట్టు వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా అంత మోతాదు మింగితే థైరాయిడ్ లాంటి రక్త పరీక్షలు తప్పు చూపించొచ్చు. ఈ సంగతి మీద ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. జుట్టు ఎందుకు రాలుతోందో తెలుసుకోవడానికి చేయించే పరీక్షే తప్పొస్తే ఇంకేం చేస్తాం? పరీక్షకి ముందు వాడుతున్న సంగతి తప్పకుండా చెప్పండి.

రక్త పరీక్షల కోసం ముందు యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లండి. రక్తంలో కణాల లెక్క, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), అవసరమైతే విటమిన్ డి, బి12 గురించి అడగండి. "ఎప్పుడు మొదలైంది, అంతకు మూడు నెలల ముందు ఏం జరిగింది" అన్నది రాసుకుని వెళ్తే సగం పని అయిపోయినట్టే. స్కిన్ డాక్టరు అపాయింట్‌మెంట్‌కి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఎవరైనా మానుకుంటే మీకివ్వమని వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకోండి. హెచ్ఎమ్ఓ రకం ఇన్సూరెన్స్ అయితే మామూలు డాక్టరు చీటీ లేకుండా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లకూడదు, బిల్లు మీ మీద పడుతుంది.

టెన్షన్ వల్ల కాకుండా రాలేవి కూడా ఉన్నాయి. నాణెమంత గుండ్రంగా నున్నగా ఒకచోట ఊడితే అది పేనుకొరుకుడు. పేనుకీ దానికీ సంబంధం లేదు, మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద తిరగబడుతుంది. ఊళ్లో చెప్పే వెల్లుల్లి రుద్దుడు వల్ల చర్మం కాలుతుంది. డాక్టరుకి చూపించండి. తల ఎర్రబడి నొప్పి, దురద, పొట్టు ఉన్నా, నెలసరి తప్పుతున్నా, ఆర్నెల్లు దాటినా ఆలస్యం చేయకండి.

మగపిల్లలకి ఒక మాట సూటిగా చెప్పాలి. కణతల దగ్గరా నడినెత్తినా మాత్రమే పలచబడుతుంటే, నాన్నకో తాతకో మేనమామకో బట్టతల ఉంటే, అది వంశపారంపర్యం అయ్యుండొచ్చు. మేనమామ పోలికే వస్తుందనేది సగం నిజం, రెండు వైపుల నుంచీ రావచ్చు. అమ్మాయిలకైతే పాపిడి వెడల్పవుతుంది. దీనికి తలకి రాసుకునే మినాక్సిడిల్ పనిచేస్తుంది. అమెరికాలో 1988 నుంచీ ఉన్న మందు, ఇప్పుడు చీటీ లేకుండా దొరుకుతుంది, పెద్ద దుకాణాల సొంత బ్రాండు తీసుకుంటే చవక. మొదటి నెలా రెండు నెలల్లో ఇంకాస్త ఎక్కువ రాలొచ్చు. చాలామంది అక్కడే భయపడి ఆపేస్తారు. ఫలితం చూడాలంటే నాలుగైదు నెలలు ఆగాలి, ఆపితే వచ్చింది పోతుంది. రూమ్మేట్‌కి పిల్లి ఉంటే జాగ్రత్త, ఆ మందు పిల్లులకి విషం. ఫినాస్టరైడ్ మాత్రకి మాత్రం డాక్టరు చీటీ కావాలి. లైంగికంగా, మనసుపరంగా ఇబ్బందులు కొందరికి వస్తాయి కాబట్టి ఎదురుగా కూర్చుని అడిగి తీసుకోండి. గర్భం దాల్చే అవకాశమున్న ఆడవాళ్లు వాడకూడదు.

గుండు సంగతి కూడా అడుగుతారు. తిరుమలలో మొక్కు తీర్చుకుంటే ఒత్తుగా వస్తుందని ఊళ్లో గట్టి నమ్మకం. గొరిగిన వెంట్రుక కొస మొద్దుగా ఉండటం వల్ల లావుగా కనబడుతుంది, కుదుళ్ల సంఖ్య మారదు. మొక్కుంటే మొక్కు కోసం ఇవ్వండి.

నెల్లూరులో, ఒంగోలులో ఉన్న అమ్మానాన్నలకి ఒక విన్నపం. వీడియో కాల్ ఎత్తగానే "ఏంది నాయనా, తల అట్టా పలచబడిపోయింది?" అనొద్దు. పిల్లవాడు ఆ సంగతి మీకంటే ముందే చూసుకుని ఉంటాడు. వెనకాల కూర్చున్న పిన్ని "ఉన్న జుట్టు పోకముందే సంబంధం చూడండి" అంటే ఆ రాత్రి అతనికి నిద్ర పట్టదు. గుంటగలగరాకు నూనె పంపండి, తప్పేం లేదు. తలకి మర్దనా చేసుకుంటే హాయిగా ఉంటుంది, ఇంటి వాసన వస్తుంది. కానీ నూనెతో పాటు, పిల్లల ఫోటో చూపించి తీసుకున్న మాత్రలు వేరేవాళ్ల సామాన్లో పెట్టి పంపకండి.

డిసెంబరులో ఊరికి వెళ్లేవాళ్లు ఈ పరీక్షలన్నీ అక్కడ చేయించుకోవచ్చు. నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటలో పొద్దున రక్తమిస్తే సాయంత్రానికి చాలావరకు కాగితాలు చేతికొస్తాయి, ఇక్కడితో పోలిస్తే ఖర్చు ఏ మూలకీ రాదు. ఆ ఊపులో చెన్నైలోనో హైదరాబాదులోనో జుట్టు నాటించుకునే ప్యాకేజీకి డబ్బు కట్టేయకండి. ధారగా రాలుతున్నప్పుడు నాటకూడదు, అసలు ఏ రకం రాలుడో తేలకుండా నాటించుకోకూడదు. ఇరవై రెండేళ్లకే నాటించుకుంటే చుట్టూ ఉన్న పాత జుట్టు రాలుతూ పోయి నాటింది మధ్యలో దీవిలా మిగులుతుంది. రెండు వారాల సెలవులో చేసుకునే పని కాదది. అక్కడి డాక్టరు మందు రాస్తే ప్రిస్క్రిప్షన్ మీద మందు అసలు పేరు ఇంగ్లీషులో రాయించుకుని, మాత్రలు వాటి పెట్టెలోనే ఉంచి, ఆ కాగితంతో పాటు చేతి సంచిలో పెట్టుకుని రండి.